గొల్లభామ చీర – కొనువారి మనసు

సిద్దిపేట నేతవారు చీర అంచునను కొంగునను నిలుపు గొల్లభామను ఎరుగనివారు తెలంగాణమున అరుదు. తలపై కుండ నిడుకొని నడచు ఆ స్త్రీమూర్తి అచ్చువేసిన బొమ్మ కాదు. పడుగు నడుమ రంగుపేకను చొప్పించి, మగ్గముపైననే కూర్చిన బొమ్మ. 2012లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంత పేరున్నను, మగ్గము ముందు కూర్చున్నవానికి ప్రశ్న ఒక్కటే: రేపు ఏ చీర నేయవలెను? బొమ్మ పెద్దదైనకొలది పని పెరుగును, పనితో కూలి, కూలితో వెల పెరుగును. ఆ వెలకు కొనువారు లేకున్న చీర సంఘపు బీరువాలో మడత విప్పకుండ పడియుండును.

కొనువారినే అడిగిన తీరదా? అడిగి చూడుడు. చేనేత ఇష్టమేనా? ఇష్టమే. పెద్ద బొమ్మ కావలెనా? కావలెను. వెల తక్కువగా ఉండవలెనా? అంతకన్న ఏమి కావలెను! విడివిడిగా అడిగిన ఎవరైనను అన్నియు కావలెననియే చెప్పుదురు. దుకాణమున అట్లు సాగదు. అచట ఒకటి పుచ్చుకొనవలెనన్న మరియొకటి విడువవలెను. ఆ విడుచుటలోనే మనసు తెలియును.

ఈ సంగతిని పట్టుకొని పుట్టినదే కన్‌జాయింట్ విశ్లేషణ. పాల్ గ్రీన్, విఠలరావు అను పండితులు 1971లో దీనిని వ్యాపార పరిశోధనలోనికి తెచ్చిరి. మనిషి అనేక వస్తువులలో ఒకదానిని ఎంచుకొను తీరును లెక్కకు తెచ్చినవాడు డేనియల్ మెక్‌ఫాడెన్. అందుకు 2000లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఈ రెంటిని కలిపి, మార్కులు వేయుమని అడుగుట మాని, ‘ఎంచుకొనుడు’ అని అడుగు పద్ధతిని లూవియర్, వుడ్‌వర్త్ అనువారు 1983లో ప్రకటించిరి.

సిద్దిపేటలో దీనిని ప్రయోగింతుమనుకొందము. నూలా, పట్టు కలిసినదా. బొమ్మ చిన్నదా, పెద్దదా. అంచుననా, కొంగుననా, రెంటనా. వెల మూడువేలా, నాలుగా, ఐదా. ఇవి అన్ని విధముల కలిసిన 36 చీరలగును. అన్నియు ఒకరికే చూపనక్కరలేదు. లెక్క ప్రకారము ఏరి, ఒక్కొక్కమారు మూడేసి చీరలు ముందుంచి, ‘ఏది కొందురు?’ అని పది పన్నెండుమార్లు అడిగిన చాలును. ‘ఏదియు వద్దు’ అను నాలుగవ జవాబు తప్పక ఉండవలెను. దీనిని మానినవారు వట్టిచేతులతో మరలిపోవు మనిషిని లెక్కలోనుండి తొలగించుచున్నారని మా అభిప్రాయము.

జవాబుల నుండి ఒక్కొక్క గుణమునకు ఎంత బరువో తేలును. ఊహకు ఒక లెక్క చూతము. పెద్ద బొమ్మ వలన చీర విలువ ఒక పాలు పెరుగును; వెల వేయి రూపాయలు పెరిగిన రెండు పాళ్ళు తగ్గును. అనగా పెద్ద బొమ్మకై కొనువారు అదనముగా ఇయ్యగలది ఐదువందలు. దానిని నేయుటకు అదనపు కూలి ఏడువందలైనచో, మిగిలిన రెండువందలు ఎవరు భరింతురు? సంఘము భరింపవలెను, లేదా నేతవాని కూలిలో కోత పడవలెను. సంగతి చీర నేసిన పిదప తెలియుటకన్న ముందే తెలియుట మేలు కదా!

అయితే సగటును నమ్మి మోసపోరాదు. సగముమంది పెద్ద బొమ్మను కోరి, సగముమంది వద్దనిన, సగటున బొమ్మ పరిమాణముతో ఎవరికిని పనిలేదని తేలును. అది చూచి నడితరపు బొమ్మ నేసిన ఇరువురును కొనకపోవచ్చును. హైదరాబాదు ప్రదర్శనకు వచ్చువారిని, సిద్దిపేటలో పెండ్లికి చీర కొనువారిని వేరువేరుగా లెక్కించుట ఇందుకే.

మరియొక చిక్కు కలదు. కాగితముపై బొమ్మకు స్పర్శ లేదు. చీరను చేతపట్టి చూడక కొను గృహిణి ఎచటనున్నది? కనుక నేసిన కొంగులనే బల్లపై పరచి, వెల చీటీలను మార్చుచు అడుగవలెను. ఎంచిన వానిలో చీటి తీసి, వచ్చినదానిని ఆ వెలకు నిజముగా కొనవలెనని ముందే ఒప్పించినచో, మాటకు డబ్బు తోడగును.