ఏడు ఫ్లాపీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున వెలుగుచున్న గ్రంథాలయపు పండుగలో నాలుగు మాటలు చెప్పుటకు నన్ను పిలిచినందులకు కృతజ్ఞుడను. గ్రంథపఠనము వలని లాభములను పెద్దలు ఇదివరకే విశదపరచినారు. నేను మన బీరువా అడుగు అరలో దొరికిన ఏడు పలుచని నల్లని అట్టలను గూర్చి మనవి చేసెదను. వానిని ఫ్లాపీలందురు.

మన పాఠశాలలో పనిచేసి కాలధర్మము నొందిన ఒక ఉపాధ్యాయుడు ఈ ఊరి వృద్ధస్త్రీలు పాడిన నాట్ల పాటలను, దంపుడు పాటలను, అప్పగింతల పాటలను విని వ్రాసికొని, 1993లో పట్టణమునందు కంప్యూటరుపై అచ్చుకొట్టించి, ఈ ఫ్లాపీలలో దాచియుంచెను. ఆయన వ్రాతప్రతిని చెదలు తినివేసినవి. ఆ పాటలు పాడినవారిలో నేడొక్కరును లేరు. కనుక వానికి మిగిలిన ఆధారము ఈ ఏడు ఫ్లాపీలే.

ఫ్లాపీ యనగా, పలుచని ప్లాస్టిక్ బిళ్లకు అయస్కాంత గుణముగల ఐరన్ ఆక్సైడు పూసి, చదరపు తొడుగులో నుంచినది. ఐ.బి.ఎం. సంస్థ 1971లో 8 అంగుళముల ఫ్లాపీని వెలువరించెను. 1976లో 5¼ అంగుళములది, 1980ల ఆరంభమున 3½ అంగుళములది వచ్చినవి. మనకు దొరికినవి 5¼ అంగుళములవి. ఒక్కొక్కటి సుమారు 12 లక్షల బైట్లను, అనగా ఒక పెద్ద పుస్తకమంత వ్రాతను, ఇముడ్చుకొనగలదు.

తాటాకు గ్రంథమును చదువుటకు కన్నులును, లిపిజ్ఞానమును చాలును. ఫ్లాపీని చదువుటకు డ్రైవు అను యంత్రము కూడ వలయును. సోనీ సంస్థ సైతము 2011లో జపానునందు ఫ్లాపీల విక్రయమును విరమించుకొన్నది. నేటి కంప్యూటర్లలో పాత డ్రైవును తగిలించుటకు చోటే లేదు. యు.ఎస్.బి. తీగతో పనిచేయు ఫ్లాపీ డ్రైవులు దొరకును గాని, అవి 3½ అంగుళముల వానికి మాత్రమే. వ్రాత మన చేతిలోనే యున్నను, చదువు యంత్రము లేక మూగబోయినది.

అందుచే పాత సామానుల అంగడిలో 5¼ అంగుళముల డ్రైవు నొకదానిని సంపాదించితిని. దానికిని కొత్త కంప్యూటరునకును నడుమ గ్రీజ్‌వీజిల్ అను చిన్న సర్క్యూటు పలకను అమర్చితిని. పలకనుండి డ్రైవునకు 34 తీగల పట్టీ కేబులు. పలకనుండి కంప్యూటరునకు యు.ఎస్.బి. తీగ. డ్రైవు తిరుగుటకు 5 వోల్టులతోపాటు 12 వోల్టుల విద్యుత్తు కూడ వలయును గనుక దానికి వేరుగా పవర్ సప్లై పెట్టవలసివచ్చెను. పట్టీ కేబులులో ఒకచోట కొన్ని తీగలు మెలివేయబడి యుండును. మెలికకు ముందున్న తగులునకు ఒక సంఖ్య, వెనుకనున్న దానికి వేరొక సంఖ్య. సంఖ్య తప్పు చెప్పినచో డ్రైవు కదలదు. ఈ చిన్న సంగతి తెలియక నేనొక సాయంకాలమంతయు పోగొట్టుకొంటిని.

ఈ పలక చేయు పని మిక్కిలి గమనింపదగినది. పాత కంప్యూటరు ఫ్లాపీని చదువునపుడే దాని కర్థము చెప్పబూనును. తనకు తెలియని పద్ధతిలో నున్నచో చదువలేనని త్రోసిపుచ్చును. ఈ పలక అర్థము జోలికి పోదు. బిళ్ల తిరుగుచుండగా అయస్కాంతపు దిశ ఎంతెంత వ్యవధిలో మారుచున్నదో కొలిచి, యథాతథముగా నమోదు చేయును. తెలియని భాషలోని పాటను ముందు రికార్డు చేసికొని, అర్థము పిదప విచారించుట వంటిది. ఒకమారు నమోదైన పిదప జీర్ణించిన ఫ్లాపీని మాటిమాటికి తిప్పనక్కరలేదు.

ఇట్టి పద్ధతియే పరదేశములందును ఫలించినది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా అను కంప్యూటరుపై కొన్ని చిత్రములు వేసెను. అవి ఫ్లాపీలలోనే యుండిపోయి, పిట్స్‌బర్గు నగరమున ఆయన పేరనున్న మ్యూజియమునకు చేరినవి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్బువారు క్రయోఫ్లక్స్ అను ఇట్టి పరికరముతోనే వానిని నమోదు చేసి, 2014లో లోకమునకు చూపిరి.

ఇక మన ఫ్లాపీల మాట. మొదట పనికిరాని ఫ్లాపీతో డ్రైవును పరీక్షించితిని. పొరపాటున కొత్తవ్రాత పడకుండ ప్రతి ఫ్లాపీ ప్రక్కనున్న గాటును కాగితపు పట్టీతో మూసితిని. డ్రైవులో బిళ్లను తాకి చదువు భాగమగు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచితిని. ఐదు ఫ్లాపీలు నిరాటంకముగా చదువబడినవి. ఆరవది మూడుమార్లు చదివిన పిదప పూర్తిగా వచ్చినది. అయితే తెరపై కనబడినవి తెలుగు అక్షరములు గావు, అర్థములేని గుర్తులు! అవి 1991లో భారత ప్రమాణముగా స్థిరపడిన ఇస్కీ సంకేతములని తెలిసికొని, నేటి యూనికోడునకు మార్చితిని. అప్పుడు తెరపై నాట్ల పాట మొదటి చరణము నిలిచినది. ప్రక్కనున్న మా అక్క దానిని చదువలేదు, పాడినది.

ఏడవ ఫ్లాపీకి బూజు పట్టియున్నది. అట్టిదానిని తిప్పినచో బిళ్లపై పూత గీసికొనిపోవును. హెడ్డునకు మురికి అంటి తరువాతి ఫ్లాపీలును చెడును. కావున దానిని డ్రైవులో పెట్టక నిపుణులకై భద్రపరచితిని. పై చీటీనిబట్టి చూడగా అందున్నవి అప్పగింతల పాటలు.

సోదరీమణులారా! ఆ పాటలు మీ అమ్మమ్మల నోట విన్నవారు మీలో నుందురు. ఒక్క చరణము జ్ఞప్తికి వచ్చినను గ్రంథాలయమునకు వచ్చి వ్రాయించుడు. యంత్రము చదువలేని దానిని మీ జ్ఞాపకము చదువవచ్చును. మీ యిండ్లలో పాత ఫ్లాపీలున్నచో పారవేయక తెచ్చి యిండు.

లభించిన పాటలను రెండు వేరువేరు చోట్ల కంప్యూటర్లలో భద్రపరచితిమి. మూడవ ప్రతిని కాగితముపై అచ్చువేయించి, నేడు ఈ సభలో గ్రంథపాలకులవారి చేతికి సమర్పించుచున్నాను. తాటాకులు శిథిలము కాకమునుపే ప్రతులు వ్రాయించినవారి వలననే మన పూర్వ వాఙ్మయము మనదాక వచ్చినది. మన తరమున ఆ కర్తవ్యము మనది. ప్రతి తీయుటయే రక్షించుట, ఆలస్యమే నష్టము.