రిపోర్టు చేతికిచ్చే వేళ

పట్టాలందుకున్న నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, ఫార్మసిస్టులకు, వాళ్లను చదివించిన తల్లిదండ్రులకు నా అభినందనలు.

ఈ రోజు ఉద్దానం గురించే మాట్లాడతాను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లవి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా షుగరు వల్లో, బీపీ వల్లో వస్తుంది. అక్కడ ఆ రెండూ లేనివాళ్లకూ వస్తోంది. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, పురుగుమందులన్నారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులదీ, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలదీ ఇలాంటి గోసే. 2023 డిసెంబరులో శ్రీకాకుళం జిల్లా పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఎంతో మేలు.

కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ అన్న మాట ఉద్దానంలో బడి మొహం చూడని మామ్మకు కూడా తెలుసు. అయినా పరీక్షకు జంకేవాళ్లున్నారు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బని తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావని దిగులు. ఆ దిగులుకు గోడమీద అంటించే పోస్టరు ఏం జవాబు చెబుతుంది? చెప్పాల్సింది మీరే.

చెప్పాలంటే ముందు మీకు సరిగ్గా తెలియాలి. క్రియాటినిన్ 1.2 ఉందనుకోండి. పాతికేళ్ల కుర్రాడికైతే కిడ్నీల వడపోత లెక్క (eGFR) 86 దగ్గర వస్తుంది. అదే 1.2 అరవయ్యేళ్ల ఆమెకొస్తే లెక్క 52కు పడిపోతుంది. ఈ లెక్క 60కి లోపు మూడు నెలలు దాటి ఉంటే జబ్బున్నట్టే. "కొంచెమే ఎక్కువుందమ్మా" అని ఆమెను పంపేస్తే ఎంత అన్యాయం! మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారలేదని ధీమా పడకండి. ఉద్దానం జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. రక్తపరీక్ష చేయాల్సిందే.

ఫార్మసిస్టులకు ప్రత్యేకంగా ఒక మాట. కీళ్లనొప్పులని వచ్చినవాళ్లకు డైక్లోఫెనాక్ బిళ్లలు చీటీ లేకుండా కత్తిరించి ఇవ్వకండి. అలవాటుగా మింగే ఆ బిళ్లలు దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.

ల్యాబ్‌లో చేరబోయేవాళ్లు రేపటి నుంచే ఒకటి చేయండి. వరండాలో అందరి ముందూ పేరు పిలిచి అంకె చదవొద్దు. ఆ మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మళ్లీ మూడు నెలలకు ఏ తేదీన రావాలో కాగితం మీద రాసి ఇవ్వండి.