తాతగారి పెట్టెలో తూటాలు
(సంఘ వార్షిక సభలో విశ్రాంత పోలీసు ఆర్మరర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరు, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవలసిన సభలో ఈ తూటాల గోల ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు పట్టుబట్టి నన్ను నిలబెట్టడానికి కారణం ఉంది. మొన్న ఎండాకాలంలో కీర్తిశేషులైన మన సభ్యులొకరి ఇంటినుంచి ఫోను వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటకమీది ట్రంకుపెట్టెలో మామగారి నాటి తూటాల డబ్బా బయటపడిందట. "అన్నయ్యగారూ, పాతవాటికి మంచి ధర వస్తుందని అబ్బాయి అంటున్నాడు. తాతగారి గుర్తుగా ఒకటి అమెరికా పట్టుకెళతాడట" అన్నదావిడ. "అమ్మా, మీరు దేన్నీ కదపకండి, నేను వస్తున్నాను" అని ఆటో ఎక్కాను.

నేను వెళ్ళేసరికి మనవడు ఒక తూటా చేతిలో పట్టుకుని స్క్రూడ్రైవరు కోసం వెతుకుతున్నాడు, లోపల ఏముందో చూద్దామని. అడుగున ఇత్తడి మధ్యలో గుండ్రంగా కనిపించే క్యాపు మీద దెబ్బ తగిలితే చాలు. తుపాకి గొట్టంలో లేని తూటా పేలితే గుళ్లు దూరం పోకపోవచ్చును గాని, ఇత్తడి ముక్కలు కళ్ళు తీస్తాయి. యాభై ఏళ్ళనాటిది, మందు చచ్చిపోయి ఉంటుందిలే అనుకోరాదు. నల్లమందు తడి తగలకుంటే తరాలు గడిచినా అలాగే ఉంటుంది.

డబ్బాలో 17 తూటాలున్నాయి. అన్నీ ట్వెల్వ్ బోరువి. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత లావు. అందుకే 16, 20 బోర్లు సన్నం, 8 బోరు లావు. నాలుగు వందల పది అనేది మాత్రం ఈ లెక్కకు చెందదు, అది అంగుళంలో కొలత.

గుర్తుపట్టడం అడుగునుంచి మొదలుపెట్టాలి. ఇత్తడి మీద చెక్కిన అక్షరాలు ఖోకా తయారుచేసినవాడి పేరు చెబుతాయి. లండనులో ఈలీ వారు, బర్మింగ్‌హాములో కైనాక్ వారు వేర్వేరు కంపెనీలు. 1918లో ఆ రెండూ, నోబెల్ వారూ ఒక గూటికి చేరారు, 1926లో ఐ.సి.ఐ. ఏర్పడింది. కనుక ఈలీ ఒక్కటే ఉంటే ఒక కాలం, ఈలీ-కైనాక్ అనీ ఐ.సి.ఐ. అనీ కలిసి ఉంటే ఆ తర్వాతి కాలం అని స్థూలంగా చెప్పవచ్చు. కె.ఎఫ్. అని ఉంటే మనదే, పూణె దగ్గర ఖడ్కీలో 1869లో పెట్టిన ఆయుధ కర్మాగారానిది.

ఇక ఒంటిమీది కాగితం చూడాలి. అది అమ్మినవాడి పేరు. ఖోకాలు ఈలీ వారి దగ్గర కొని, తన పేరు అచ్చువేయించుకుని, మందూ గుళ్లూ కూరి అమ్మిన తుపాకుల వ్యాపారులు చాలామంది. అందుచేత అడుగున ఒక పేరు, ఒంటిమీద మరో పేరు ఉంటే నకిలీ అనుకోకండి. కలకత్తాలో మాంటన్, రోడ్డా కంపెనీలు ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. ఆ రోడ్డా వారి సరుకులోనుంచే 1914 ఆగస్టులో బెంగాలు విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు పట్టుకుపోయారు. తూటా మీద ఊరి పేరుంటే దానికి ఎంత చరిత్ర ఉంటుందో చూడండి.

పైమూత మూడవ గుర్తు. పాతవాటికి అంచును లోపలికి చుట్టి, మధ్యలో అట్టబిళ్ల పెట్టేవారు. బిళ్ల మీద గుళ్ల నంబరు ఉంటుంది. ఆరో నంబరైతే ఇంగ్లీషు లెక్కన ఔన్సుకు 270 గుళ్లు, ఎస్.జి. అయితే ఎనిమిదే. నక్షత్రం మడతలాగా మూసినవి ఎక్కువగా రెండో ప్రపంచయుద్ధం తర్వాతివి. ప్లాస్టిక్ ఒళ్లు 1960ల నుంచి వచ్చింది. రంగును మాత్రం నమ్మకండి, ఎరుపు వెలిసి గులాబి అవుతుంది. ఇరవై బోరుకు పసుపురంగు వేసే ఆనవాయితీకి మాత్రం మంచి కారణం ఉంది. అది పొరపాటున పన్నెండు బోరు తుపాకిలో పడితే జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక మరో తూటా పెట్టి పేల్చినవాడి చెయ్యి మిగలదు.

ధర సంగతికి వస్తాను, ఎందుకంటే అందరూ దానికోసమే చెవులు రిక్కించారు. ఇంగ్లండులో వీటిని సేకరించేవారు ఉన్నారు, కాని మామూలు కాగితపు తూటాకు కొద్ది పౌన్లే. ధర పెంచేవి అరుదైన వ్యాపారి పేరు, మారుమూల ఊరి పేరు, అసాధారణమైన బోరు, పక్కన సూది పొడుచుకుని ఉండే పందొమ్మిదో శతాబ్దపు పిన్‌ఫైర్ రకం, చెదరని అచ్చు. ఇంట్లో సొంతంగా మందు కూరిన ఇత్తడి తూటాలకు విలువ తక్కువ, ప్రమాదం ఎక్కువ. తోమిన తూటాకు విలువ సగం పోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక పాత ఖాళీ కైనాక్ ఖోకాను చింతపండు వేసి తళతళలాడేలా తోమి మా అధికారిగారి బల్లమీద పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. అక్షరాలు అరిగిపోయాయని ఆయన తిట్టిన తిట్లు నాకిప్పటికీ కంఠతా వచ్చు.

అయితే ఈ ధరలన్నీ అక్కడివి, అక్కడి చట్టం వేరు. మనకు 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గర ఉంచుకున్నా నేరమే. పాతదనీ, గుర్తుకు దాచుకున్నామనీ అంటే చెల్లదు. మామగారి తుపాకిని ఎప్పుడో డీలరుకు అప్పగించారు, డబ్బాను మరిచారు. లైసెన్సు పోయాక మిగిలినవాటిని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సుగల డీలరు దగ్గర గాని అప్పజెప్పమని ఆ చట్టం 21వ సెక్షను. అబ్బాయి సంచిలో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్ళి ఉంటే తాతగారి గుర్తు సంగతి అటుంచి, ప్రయాణం ఆగి కేసు పడేది.

కనుక ఏం చేశామంటే, తూటాలను డబ్బాలోనే ఉంచి, ఎప్పుడు ఎక్కడ దొరికాయో, ఎన్ని ఉన్నాయో, మీద ఏ పేర్లున్నాయో రాసి రెండు ప్రతులు తీశాం. అడుగునూ పక్కనూ ఫోటోలు తీశాం. బస్సులో మోసుకెళ్ళకుండా ముందు స్టేషనుకు ఫోను చేశాం, వాళ్ళే మనిషిని పంపారు. రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేయించుకున్నాం. ఆ కాగితం జాగ్రత్త, పెన్షన్ పేమెంటు ఆర్డరు పక్కన పెట్టుకోదగినది. ఖాళీ ఖోకాలు ఉన్నా దాచకుండా స్టేషనులో చెప్పి అడగండి.

తూటాలు వెళ్ళిపోయాక అట్టపెట్టె మిగిలింది. నిజానికి సేకరించేవాళ్ళు దీనికోసమే ఎక్కువగా వెతుకుతారు, ఎందుకంటే తూటాలు అయిపోగానే అందరూ పెట్టెను పొయ్యిలో పెట్టేశారు. దీనికి లైసెన్సు అక్కరలేదు. మూత లోపలివైపు మామగారు పెన్సిలుతో లెక్క రాసుకున్నారు, కొన్నవి 25, ఖర్చయినవి 8. ఎనిమిదింటికీ తేదీలు వేశారు. చివరి తేదీ 1972కు ముందుది, వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని ఒక్కొక్క తేదీ చదివి, "ఇది మా పెళ్ళినాటి దసరా అన్నయ్యగారూ" అన్నది. మనవడు పెట్టె ఫోటో తీసి అమెరికాకు పంపించాడు.