కల్లం దాకా రాని కబురు



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని నేను చెప్పబోవడం లేదు. మీ జేబులో ఉన్న సెల్‌ఫోను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. కొత్త ఫోను కొనండని చెప్పడానికి కాదు. వాన కబురు, పిడుగు కబురు ఫోనులోకి ఏ దారిన వస్తుంది, ఏ దారిలో ఎక్కడ ఆగిపోతుంది అన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. రెండేళ్ళ క్రితం వరకు నాకూ తెలియదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివేటప్పుడు కలుపు మందుల మోతాదు నేర్పారు గాని, కబురు పంపే పద్ధతి ఎవరూ నేర్పలేదు. అది నాకు నేర్పినవాడు మా క్లస్టరులోని ఒక పెద్దాయన. ఆయనకు అక్షరం రాదు.

అవి యాసంగి కోతల రోజులు. కల్లాల మీద, రోడ్ల పక్కన, కొనుగోలు కేంద్రం ముందర ఎక్కడ చూసినా వడ్లు ఆరబోసి ఉన్నవి. పదకొండున్నరకు వాతావరణ శాఖ వారి హెచ్చరిక నాకు అందినది. సాయంత్రానికి ఉరుములు మెరుపులతో వర్షం అని దాని సారాంశం. నేను రైతు వేదికలో కూర్చొని దానిని మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెట్టి, నా వంతు పని తీరిందనుకొని పంటల నమోదులో పడ్డాను. నాలుగు గంటలకు వాన దంచి కొట్టినది.

మరునాడు పొద్దున కల్లం దగ్గరికి పోతే, ఆ పెద్దాయన తడిసిన వడ్లను చేతులతో కెలుకుతూ కూర్చున్నాడు. కౌలుకు చేసిన పంట అది. తిట్టలేదు, కేకలు వేయలేదు. “సారూ, నిన్న అందరికి చెప్పినవట గదా. మరి నాకెందుకు చెప్పకపోతివి?” అని అడిగాడు. ఆయన దగ్గర ఉన్నది బటన్ ఫోను. దానిలో వాట్సాప్ ఎక్కడిది? ఆయన ఆ గ్రూపులోనే లేడు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ వరకే తీసుకుంటారని మీకు తెలిసినదే. ఆయన వడ్లు ఆరడానికి మరి ఐదు రోజులు పట్టినవి. కుప్ప అడుగున మొలకలు వచ్చినవి. రంగు మారిన వడ్లు కేంద్రంలో తీసుకోలేదు గనుక అవి వచ్చిన ధరకు బయట అమ్ముకున్నాడు. ఎంతకు అమ్మాడో నేను అడగలేకపోయాను.

ఆ రాత్రి ఫోను తీసి నా సందేశం పక్కన చూశాను. ఒక్క టిక్కే ఉన్నది. గ్రూపులో పెట్టిన సందేశానికి రెండవ టిక్కు ఎప్పుడు పడుతుందో తెలుసునా? గ్రూపులో ఉన్న వారందరి ఫోనులకూ చేరినప్పుడే. అందరూ తెరచి చూస్తేనే అది నీలి రంగుకు మారుతుంది. ఒక్కరి ఫోను చార్జింగు లేక ఆగిపోయినా ఆ ఒంటి టిక్కు అట్లనే నిలుస్తుంది. సందేశం మీద వేలు కాసేపు ఒత్తి పట్టుకొని వివరాలు చూస్తే, ఎవరు చదివారో, ఎవరికి చేరినదో పేర్లతో సహా కనిపిస్తుంది. వాన పడక ముందు చదివినవారు మా గ్రూపులో సగానికి తక్కువే. తోటి సిబ్బందికి నా మనవి ఏమంటే, సందేశం పెట్టిన తరువాత అరగంటకు ఈ వివరాలు ఒకసారి చూడండి. గ్రూపులో పెట్టామని రిజిస్టరులో వ్రాసుకోవడం తేలికే. వడ్లకు రిజిస్టరు చదవడం రాదు.

ఇక దారుల సంగతి. ఫోనులోకి కబురు ముఖ్యముగా మూడు దారుల వస్తుంది. మొదటిది ఎస్సెమ్మెస్. దీనిని ఉత్తరంతో పోల్చవచ్చును. 1985లో జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చొని, తోచిన వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టి చూశాడట. చాలా వాక్యాలు 160 అక్షరాలకు లోపే ఉన్నవి. ఆ లెక్కే నేటికీ నిలిచినది. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే యువకుడు కంప్యూటరు నుంచి ఒక ఫోనుకు మొదటి సందేశం పంపాడు. అది క్రిస్మస్ శుభాకాంక్ష. అంత చిన్న సందేశమే ఎందుకంటే, మాటలు పారే పెద్ద కాలువలో గాక, ఫోనూ టవరూ ఒకదాని జాడ ఒకటి తెలుసుకొనే పిల్ల కాలువలో అది ప్రయాణం చేస్తుంది. అందువలన దీనికి నెట్ అవసరం లేదు. బటన్ ఫోనుకూ వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2013 జులైలో ఎం-కిసాన్ పేరిట రైతులకు సందేశాలు పంపే ఏర్పాటు చేసినది ఈ దారినే.

అయితే ఇందులో రెండు చిక్కులు ఉన్నవి. ఒకటి, ఉత్తరం తపాలా కచేరీలో ఆగినట్లే, ఫోను ఆగిపోయి ఉంటే సందేశం కంపెనీ వారి కేంద్రంలో నిలిచి, ఫోను తెరచిన తరువాత వస్తుంది. వాన వెలిసిన తరువాత వాన వస్తుందని కబురు వచ్చేది ఇందుకే. రెండవ చిక్కు మన తెలుగుది. 160 అనేది ఇంగ్లీషు అక్షరాలకు. తెలుగులో పంపితే ఒక సందేశంలో పట్టేది 70 గుర్తులే. గుణింతమూ, ఒత్తూ, సున్నా దేని లెక్క దానిదే. ‘వర్షం’ మన కంటికి రెండక్షరాలు. ఫోనుకు ఐదు గుర్తులు. 70 దాటితే సందేశం ముక్కలై పోతుంది. ఆ ముక్కలన్నీ చేరితేనే సరిగా చదవడానికి వస్తుంది.

నేను మొదట్లో ప్రతి సందేశమూ “గౌరవనీయులైన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం” అని మొదలుపెట్టేవాడిని. ఒకనాడు కూర్చొని లెక్కపెడితే ఆ మర్యాదకే 42 గుర్తులు పోయినవి. ఇప్పుడు ఇట్లా వ్రాస్తున్నాను: “ఈరోజు సాయంత్రం ఉరుములతో వర్షం. వడ్లపై పట్టాలు కప్పండి.” ఇది 54 గుర్తులు. ఏమి జరుగుతుందో ఉన్నది, ఏమి చేయవలెనో ఉన్నది. మర్యాద ఎదురుపడినప్పుడు చేసుకుందాము. పొలంలో తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలకలు ఆగుతాయన్నటువంటి వివరం చెప్పవలసి వస్తే మాత్రం ఎస్సెమ్మెస్‌ను నమ్ముకోను. ఫోను చేసి నోటితోనే చెబుతాను.

రెండవ దారి యాప్ కబురు. వాట్సాప్, మేఘదూత్, దామిని అన్నీ ఈ దారినే వస్తాయి. ప్రతి యాపూ నిమిషానికొకసారి పోయి “నాకేమైనా ఉన్నదా?” అని అడిగితే బ్యాటరీ పూటలో అయిపోతుంది. అందుకని 2009లో ఆపిల్ కంపెనీ వారు, మరుసటి ఏడు గూగుల్ వారు, ఫోనుకు ఒకే తీగ, ఒకే తపాలా బంట్రోతు అన్నట్లుగా ఏర్పాటు చేశారు. అన్ని యాపుల కబుర్లూ ఆ ఒక్కడే తెస్తాడు. తెలివైన ఏర్పాటే. కాని ఫోను చాలాసేపు కదలకుండా పడి ఉంటే బ్యాటరీ మిగల్చడానికి నిద్రలోకి పోతుంది. అత్యవసరమని గుర్తు లేని కబుర్లు అప్పుడు బయట నిలుస్తాయి. నెట్ లేకపోతే ఎట్లాగూ రావు.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి దామిని యాప్ మీరున్న చోటుకు 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. పత్తి చేలల్లో పని చేసేవారికి ఇది చాలా ముఖ్యం. కాని మీరు ఎక్కడున్నారో చూడడానికి ఫోను దానికి అనుమతి ఇవ్వకపోతే అది ఏమి చెప్పగలదు? బ్యాటరీ పొదుపు జాబితా నుంచి దామినిని తప్పించండి. లొకేషను ఎల్లప్పుడూ అని పెట్టండి. చేతకాకపోతే బడికి పోయే పిల్లలను అడగండి, రెండు నిమిషాల పని. వాతావరణం మీద పంటల సలహాలు జిల్లాల వారీగా మంగళ, శుక్రవారాలలో వెలువడుతాయి. అవి 2019లో వచ్చిన మేఘదూత్‌లో తెలుగులో చదువుకోవచ్చు.

మూడవది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది అచ్చంగా మన ఊరి డప్పు చాటింపు. చాటింపు వేసేవానికి మీ పేరు, మీ ఇంటి నెంబరు అక్కరలేదు గదా. వాడలో నిలబడి డప్పు కొడితే వాడలో ఉన్నవారందరూ వింటారు. చుట్టానికని వచ్చినవాడూ వింటాడు. అట్లే, హెచ్చరిక ఉన్న ప్రాంతంలోని టవరు ఒక్కసారి పలికితే, దాని కింద ఉన్న సరైన ఫోనులన్నీ ఒకేసారి మోగుతాయి. వేలమందికి వేల ఉత్తరాలు వ్రాసే పని లేదు గనుక రద్దీలో చిక్కుకోదు. 2023లో దేశమంతటా ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు ఫోనులు వింత కూత కూసినవి, గుర్తున్నదా? మా ఊళ్ళో ఒకాయన ఫోను పాడైందని దానిని బియ్యం డబ్బాలో పెట్టాడు. అది పరీక్ష మాత్రమే. ఆ కూతకు భయపడి చాలామంది సెట్టింగులలో అత్యవసర హెచ్చరికలను ఆపివేసుకున్నారు. వెంటనే తిరిగి తెరచుకోండి.

దీనికీ హద్దులున్నవి. పాత బటన్ ఫోనులు కొన్నింటిలో ఇది మోగదు. ఎవరు విన్నారో చాటింపు వేసినవానికి తెలియదు. టవరే పడిపోతే ఏ దారీ లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడినప్పుడు సెల్‌ఫోనులు మూగపోయినవి.

మధ్యలో ఒక హెచ్చరిక. పథకం డబ్బులు వచ్చినవి, ఈ ఫైలు తెరవండి అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను ముట్టకండి. బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. 2025 మే నుంచి ప్రభుత్వ ఎస్సెమ్మెస్‌లకు పంపినవారి పేరు చివర గీత పెట్టి ‘జి’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటున్నది. అది చూడండి. అనుమానం ఉంటే 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏమి చేస్తున్నామో చెబుతాను. బటన్ ఫోను ఉన్నవారి పేర్లు, అసలు ఫోను లేనివారి పేర్లు ఒక కాగితం మీద వ్రాసి రైతు వేదిక గోడకు అంటించాము. కౌలుదారులనూ విడిచిపెట్టలేదు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా పెద్ద ఫోను ఉన్న పక్క కల్లంవాని పేరు ఉన్నది. కబురు రాగానే అతను ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వాలి. కోతల కాలంలో మిస్డ్ కాల్ వచ్చిందంటే పట్టా కప్పమని అర్థం. ఫోను ఎత్తనక్కరలేదు, చదవనక్కరలేదు, పైసా ఖర్చు లేదు. ఫోను లేనివారి దగ్గరికి మనిషే పోవాలి. పంచాయతీ మైకులో ఒకసారి చెప్పిస్తాము. ఇదంతా కలిపి ఇరవై నిమిషాల పని.

మరుసటి యాసంగిలో ఒకనాడు మధ్యాహ్నం హెచ్చరిక వస్తే, ఆ పెద్దాయనకు నేనే ఫోను కొట్టాను. మనుమడిని తోడు పెట్టుకొని కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాడు. ఆ సాయంత్రం మబ్బులు పట్టినవి, గాలి వీచినది, ఒక్క చుక్క రాలలేదు. మరునాడు ఆయన ముఖం చూడడానికి నాకు మొగమాటమే అయినది. చేసిన ఎండబెట్టు పని ఒక పూట వృథా గదా. ఆయన పట్టా తీసి మడత పెడుతూ, “రాకపోతే మంచిదే గదా సారూ. మళ్ళ మబ్బు పడితే మళ్ళ కొట్టు” అన్నాడు.