సముద్రం లెక్క, మన వానల లెక్క
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఎల్ నినో అంటే ఏమిటి?" అని మన పిల్లల్ని అడిగి చూడండి. "పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుట, ఇండియాలో కరువు" అని గడగడా ఒప్పజెబుతారు. మార్కులూ వస్తాయి. కాని అందులో నిజం సగమే. తక్కిన సగం అంకెల్లో ఉంది.

మామూలు రోజుల్లో తూర్పు నుంచి వీచే గాలులు పసిఫిక్ పైనీటిని ఇండోనేషియా వైపు తోస్తాయి. వేడినీళ్లు చేరిన చోటే మేఘాలు కడతాయి. గాలులు సన్నగిల్లితే ఆ వేడి పెరూ దిక్కుకు జరుగుతుంది, మేఘాలూ దాని వెంటే పోతాయి, మనకు వాన తగ్గుతుంది. ఇంతవరకు బోర్డు మీద చెప్పవచ్చు. ఆ తర్వాత చాక్‌పీసు పక్కన పెట్టి, పిల్లల చేతికి గ్రాఫు కాగితం ఇవ్వాలి.

ఒక వరుసలో మధ్య పసిఫిక్ వేడిమి, ఇంకో వరుసలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో కురిసిన వాన. చుక్కలు పిల్లలే పెట్టాలి. 2002లో ఎల్ నినో. వాన సగటుకన్నా సుమారు 19 శాతం తక్కువ. 2009లో 22, 2015లో 14 శాతం తక్కువ. "పుస్తకం కరెక్టే సార్" అంటారు. అప్పుడు 1997 లెక్క ఇవ్వాలి. ఆ శతాబ్దంలో అత్యంత బలమైన ఎల్ నినోల్లో అదొకటి. వాన మాత్రం సగటులో 102 శాతం! నా దృష్టిలో అసలు పాఠం మొదలయ్యేది అక్కడే.

జవాబు కోసం మన పక్క సముద్రాన్నే చూడాలి. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమట వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడింది. 1999లో శాస్త్రజ్ఞులు ఈ తీరుకు 'డైపోల్' అని పేరు పెట్టారు. ఆ ఏడు వానను నిలబెట్టినది అదేనని చాలామంది అంటారు.

ఇదంతా దూరపు సంగతి కాదు. హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. ఆర్గో అనే తేలుడు యంత్రాలు పది రోజులకొకసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకొచ్చి, నీటి వేడిమి, ఉప్పదనం ఉపగ్రహం ద్వారా పంపుతాయి. ఆ లెక్కలు ఎవరైనా చూడవచ్చు. ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు.

మనలో వ్యవసాయం మీద బతికే కుటుంబాలున్నాయి. "ఎల్ నినో వస్తోంది" అని టీవీలో వినగానే విత్తనం వేయాలా వద్దా అని ఇంట్లో గుబులు. గ్రాఫు గీసిన పిల్ల ఉంటే "డైపోల్ ఎట్లా ఉందో చూద్దాం అబ్బాజాన్" అంటుంది. అందుకే సంఘానికి నా మనవి: సాయంత్రం ట్యూషన్లకు గైడ్లు కొనే డబ్బులో కొంత గ్రాఫు కాగితాలకు, ఒక పాత కంప్యూటరుకు కేటాయించండి. మొదట మన జిల్లా వానల లెక్కతోనే ఆరంభిద్దాం.