దగ్ధమైన పండ్రెండు సంపుటములు



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. అంతకుముందు గురువుగారి ఇంట కూర్చుండి అమరము, కావ్యములు, వ్యాకరణము చదువుకొన్నవాడను. తాటాకు గ్రంథము నెట్లు గౌరవింపవలయునో ఆ చదువు నాకు నేర్పినది. ఎఱ్ఱగుడ్డలో చుట్టి అటకమీద నుంచుట, ఏటేట సరస్వతీపూజ నాడు దింపి దుమ్ము దులిపి నీడపట్టున ఆరబెట్టుట మా ఇంట ఆచారము. వార్తాపత్రిక యందు మాత్రము నాకట్టి గౌరవము లేకుండెను. నిన్నటి పత్రిక నేటికి చద్దిది, ఎల్లుండికి పొట్లపు కాగితము. ఇది నా యభిప్రాయము. ఆ యభిప్రాయమువలన నేనొక తప్పు చేసితిని. ముందుగ దానిని మీకు నివేదించి, పిమ్మట అసలు విషయమునకు వచ్చెదను.

మా యూరిలో ఒక పెద్దమనిషి యుండెను. పగలు కూలిపని చేసికొని, రాత్రివేళ తన వాడలోని పిల్లలకు లాంతరు వెలుతురున అక్షరములు నేర్పెడివాడు. ఆ వాడకు బావి వచ్చినను, ఆ పిల్లలు బడిలో అందఱితో సమముగ కూర్చుండగలిగినను, అది ఆయన యేండ్ల తరబడి తిరిగిన తిరుగుడు ఫలమే. ఎన్నడును గొంతు పెంచి మాటాడి యెఱుగడు. అర్జీ వ్రాసెడివాడు, జవాబు రాకున్న మఱల వ్రాసెడివాడు. తమవంటివారి హక్కులను గూర్చి యే పత్రికలో నేమి పడినను, ఆ పత్రికను సంపాదించి యొక రేకుపెట్టెలో దాచెడివాడు. అట్లు నలువదేండ్లు దాచెను.

ఆయన గతించిన పిమ్మట కుమారుడు ఆ పెట్టెను బండిమీద మా యింటికి తెచ్చెను. "పంతులుగారండీ, ఇవి దేనికైనా పనికివస్తాయా? మీరు ఎట్లా చెపితే అట్లా చేస్తాను" అని యడిగెను. నేను మూత తీసి చూచితిని. పైకాగితముల యంచులు పొడిపొడిగ రాలుచుండెను. "పాత పేపర్లే గదా నాయనా, ఏం చేసుకుంటావు?" అంటిని. అంతే. వారము తిరుగకముందే యవి కిరాణాకొట్టున తూకమునకు పోయినవి.

నెల దినములకు ఆ కొట్టునుండియే మా యింటికి బెల్లము వచ్చెను. పొట్లము విప్పి చూతునుగదా, కాగితపు అంచున ఆ పెద్దమనిషి చేతివ్రాత! ఒక తేదీ, దాని ప్రక్కన "మన బావి" అను రెండు మాటలు. వార్త సగము చినిగిపోయినది. ఏ పత్రికయో తెలియదు. మిగిలిన సగమునకై కొట్టునకు పరుగెత్తితిని. అది యేయింటికి పోయినదో కొట్టువాని కేమి తెలియును?

ఆ తరువాత కొంతకాలమునకు అమెరికా దేశమున నల్లవారి హక్కులకై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లసుగారి చరిత్రమును చదువుట తటస్థించినది. అందు పత్రికల ప్రసంగము వచ్చినచోట నేను పుస్తకమును మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని. ఆ కథయే నేడు మీకు చెప్పదలచితిని.

డగ్లసుగారు 1818వ సంవత్సరమున మేరీలాండు రాష్ట్రమున బానిసగ పుట్టెను. బాల్యమున బాల్టిమోరు నగరమున ఒక ఇంట పనికి పెట్టబడగా, ఆ ఇల్లాలు జాలిపడి ఆయనకు అక్షరములు చెప్పసాగెను. భర్త అది యెఱిగి, చదువు వచ్చిన బానిస బానిసగ నుండడని యామెను మందలించి మాన్పించెను. ఆ మాట విన్న బాలుడు, తనకు విడుదల మార్గము చదువేయని ఆనాడే గ్రహించెను. వీథిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్కలు పెట్టి, వారియొద్ద మిగిలిన పాఠము నేర్చుకొనెను.

ఇక్కడ నావంటి పండితులు వినదగిన విషయమొకటి గలదు. "అబాలిషన్" అను మాట ఆ బాలుని చెవిని తఱచు పడుచుండెను. యజమానులు దానిని కోపముతో పలుకుచుండిరి. అర్థమేమని యడుగుటకు భయము. నిఘంటువు తీసి చూచెను. "రద్దుచేయుట" యని యున్నది. దేనిని రద్దుచేయుట? నిఘంటువు చెప్పలేదు. ఒకనాడు ఆ నగరపు వార్తాపత్రిక యొకటి చేతబడెను. రాజధాని యున్న కొలంబియా మండలమున బానిసత్వమును రద్దుచేయవలయునని ఉత్తర రాష్ట్రములవారు అర్జీలు పంపిరని అందులో నుండెను. అప్పుడు ఆ మాట ఆయనకు తెలిసినది. తన సంకెలనుగూర్చి దేశమున ఎక్కడనో మాటాడుచున్నారనియు తెలిసినది. అమరకోశమును కంఠస్థము చేసిన నేను ఈ ఘట్టము చదివి సిగ్గుపడితిని. నిఘంటువు ఈయలేని అర్థమును ఆ బాలునికి ఇచ్చినది, నేను పొట్లపు కాగితమని తీసిపాఱవేసిన వస్తువే.

1838వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీని డగ్లసుగారు తప్పించుకొని ఉత్తరదేశము చేరిరి. 1847 డిసెంబరు 3వ తేదీని రాచెస్టరు నగరమున స్వంత పత్రికను స్థాపించిరి. దానికి "నార్త్ స్టార్", అనగా ధ్రువతార, అని పేరు పెట్టిరి. పారిపోవు బానిసలకు చీకటిలో ఉత్తరదిక్కు చూపునది ఆ చుక్కయే గదా! పత్రిక నడుపుట సులువు కాలేదు. మఱుసటి సంవత్సరమే దానికొఱకు ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చెను. 1851లో మఱొక పత్రికతో కలియగా దాని పేరు "ఫ్రెడరిక్ డగ్లస్ పేపరు" అయ్యెను. సభల తీర్మానములు, ఉపన్యాసములు, పారిపోయి వచ్చినవారి గాథలు, దూరప్రాంతములనుండి వచ్చిన లేఖలు దానిలో వారము వారము పడుచుండెను. ఇతర పత్రికలు పలుకరించని జనుల దినచర్య యది.

ఒక్క యుదాహరణము చాలును. 1848 జూలైలో సెనెకా ఫాల్సు అను ఊర స్త్రీల హక్కులకై మహాసభ జరిగెను. డగ్లసుగారు దానికి పోయి స్త్రీలకు వోటుహక్కు కావలెనని సమర్థించి మాటాడిరి. ఆ సభ చేసిన ప్రకటన యొక్క వ్రాతప్రతి నేటికిని దొరకలేదు. ఆ సభావృత్తాంతము డగ్లసుగారి పత్రికా కార్యాలయమున అచ్చుపడినందుననే దాని పాఠము మనకు నిలిచినది. అచ్చు కాగితమును చులకన చేయువారికి ఇంతకుమించిన సమాధానము లేదు.

డగ్లసుగారు తమ పత్రిక సంచికలను క్రమముగ కూర్చి, గట్టిగ జిల్దు కట్టించి రాచెస్టరులోని ఇంట ఉంచుకొనిరి. 1848 మొదలు 1860 వరకు పండ్రెండు సంపుటములు. 1872 నాటికి ఆయన వాషింగ్టనున వేఱొక పత్రిక నడుపుచుండిరి. ఆ వసంతమున హార్వర్డు విశ్వవిద్యాలయమువారు, ఆ సంపుటములను తమ గ్రంథాలయమునకు పంపుడనియు, అగ్నిభయము లేని కట్టడమున భద్రపఱతుమనియు కోరిరి. ఆయన కాదనలేదు. పంపుదము లెమ్మనుకొని ఊరకుండిరి. కొన్నివారములు గడచినవి.

1872 జూన్ 2వ తేదీని రాత్రి రాచెస్టరులోని ఇల్లు కాలిపోయెను. ఎవరో కావలెననియే నిప్పు పెట్టిరని ఆయన నమ్మిరి. ఇంటిలోనివారు ప్రాణములతో బయటపడిరి. సామాను కొంత దక్కినది. పండ్రెండు సంపుటములును బూడిదయైనవి. తాను జీవితమున జ్ఞాపకముంచుకొనదగిన మాట ఏదైన చెప్పియున్నచో, అది ఆ పండ్రెండేండ్లలో చెప్పినదేయనియు, ఆ నష్టమునకు కొలత లేదనియు, జాగు చేసినవానికి సామెతలెంత నిజములో తన యనుభవమే సాక్ష్యమనియు ఆయన స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. ఆ సామెతలేవియో ఆయన పేర్కొనలేదు. మన పెద్దలు ఒక్కటే చెప్పిరి: ఆలస్యం అమృతం విషం.

అయినచో ఆ పత్రిక నేడు మన కెట్లు తెలియుచున్నది? ఆయన యింటిలోని ప్రతి కాలినది గాని, చందాదారులయొద్దను గ్రంథాలయములలోను ఉన్న ప్రతులు కాలలేదు. చెదరియున్న ఆ సంచికలను పిమ్మటివారు సమకూర్చిరి. వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమువారు డగ్లసుగారి పత్రికలను ఛాయాప్రతులుగ మార్చి, లోకమున నెవరైనను ఉచితముగ చదువుకొనునట్లు ఇంటర్నెట్టులో నుంచినారు. మా మనుమని చేతిఫోనులో ఆ "ధ్రువతార" పుటలను నేను కన్నులార చూచితిని. ఐనను వరుస పూర్తికాలేదు. నడుమనడుమ సంచికలు నేటికిని లేవు.

ఆయన 1895లో గతించిన పిమ్మట భార్య హెలెన్‌గారు వాషింగ్టనులోని ఇంటిని, అందలి పుస్తకములను కాగితములను చెదరనీయక కాపాడిరి. ఆమె తరువాత నల్లజాతి స్త్రీల సంఘములు ఆ భారమును వహించినవి. నేడు ఆ గృహము జాతీయ స్మారకస్థలము. కుమారులును వేఱొక పనిచేసిరి. తండ్రిని గూర్చి పత్రికలలో పడిన వార్తలను కత్తిరించి పుస్తకములలో అంటించిరి. ఆ యంటింపు పుస్తకములు చేతులు మాఱి, సవానా నగరములోని యొక వైద్యుని సంగ్రహమున చేరెను. ఆయన వానిని పండితులకు చూపగా, 2018లో వెలువడిన డగ్లసుగారి బృహచ్చరిత్రమునకు అవి ఆధారమైనవి. 2020లో యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము వానిని తీసికొనెను. కత్తెర, జిగురు, ఓపిక, ఈ మూటితో జరిగిన పని చూచితిరా!

ఇక కాగితమును గూర్చి నాలుగు మాటలు. పూర్వము కాగితమును పాతగుడ్డ పీలికలతో చేసెడివారు. అది బలమైనది, సరిగ నుంచినచో రెండువందల యేండ్లైనను నిలుచును. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి పత్రికలకు కొయ్యగుజ్జు కాగితము వచ్చెను. అది చవుక. కాని యందున్న పదార్థములు వెలుతురు తగిలిన పసుపుబాఱును. లోపల పుట్టు ఆమ్లము దానిని పెళుసు చేయును. అందువలన మన తండ్రులనాటి పత్రిక తాతలనాటి పత్రికకంటె ముందు రాలిపోవుట కద్దు. రేకుపెట్టెలో నేను చూచిన పొడి అదియే. దానిని చూచి నేను "పనికిరాదు" అంటిని. "త్వరపడుము" అనవలసియుండెను.

కావున మీ యిండ్లలో నట్టి కట్టలున్నచో నా మనవి వినుడు. వానిని నేలమీద గాక, గోడకు దూరముగ, ఎత్తైన బల్లమీద నుంచుడు. ఎండయు చెమ్మయు తగులనీయకుడు. మడతపెట్టక చదునుగ పఱచుడు. గుండుసూదులు తీసివేయుడు. చినిగినచోట అంటుటేపు వేయకుడు. కొన్నాళ్లకు ఆ జిగురే కాగితమును తినును. ప్రతి పుటకును ఛాయాచిత్రము తీయించుడు. అది నేడు చిన్నపిల్లవానికిని తెలిసిన పని. అన్నిటికంటె ముఖ్యము, ఒక్కచోటనే యుంచకుడు. మూలమును మంచి గ్రంథాలయమున కిండు. నకళ్లు మీయొద్దను, వేఱొకరియొద్దను ఉండనిండు. 1918లో పుట్టిన వేటపాలెపు సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములు పాతపత్రికలను ప్రాణముగ కాపాడుచు వచ్చిన సంగతి మీలో చాలమంది యెఱిగినదే. హార్వర్డువారు డగ్లసుగారిని అడిగిరి. మనల నెవరును అడుగకపోవచ్చును. మనమే యడిగి యీయవలెను.

రాజుల చరిత్రమును శాసనములు చెప్పును. బావికొఱకు అర్జీ పెట్టినవాని చరిత్రమును ఏ శాసనము చెప్పును? అది పత్రిక మూలన నాలుగు పంక్తులుగ నుండును. ఆ నాలుగు పంక్తులును పోయినచో, ఆ బావి ఊరికే వచ్చినదని మనుమలు అనుకొందురు.

నేను ఆ కుమారుని యింటికి పోయి నా తప్పు చెప్పుకొంటిని. అతడు నన్నొక మాట యనలేదు. "పోనీండి పంతులుగారూ, మా నాయన రాసిన అర్జీ నకలు ఒకటి దూలం సందున దొరికింది, చూస్తారా?" అని లోపలికి పోయి తెచ్చెను. ఇద్దఱము కూర్చుండి దానిని పూర్తిగ చదివితిమి. మఱునాడే దానికి మూడు నకళ్లు తీయించి మూడుచోట్ల ఉంచితిమి. బెల్లపు పొట్లమును వానితో చేర్చితిని. రెండవ సగము మాకు చిక్కలేదు. మా ప్రాంతమున నెవరియింటనైన, అంచున సిరావ్రాత గల పాతపత్రిక ముక్క కనబడినచో, పాఱవేయకుడని నా ప్రార్థన.