చెవి బాగున్నా వినికిడి దెబ్బతినవచ్చు

చెవి శబ్దాన్ని అందుకుంటుంది, అంతే. నరం దానిని మెదడు అడుగున ఉన్న మెదడు కాండానికి చేరుస్తుంది. అక్కడి నరకణాలు రెండు చెవుల కబురునూ పోల్చి, శబ్దం ఏ వైపునుంచి వచ్చిందో గుర్తించి, పైకి పంపుతాయి.

పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు బాగా ఎక్కువైతే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఈ దారిని దెబ్బతీయవచ్చు. అప్పుడు చెవి బాగానే ఉన్నా మాట సరిగా చేరదు. చెవిని మాత్రమే చూసే ఓ.ఎ.ఇ. పరీక్షలో ఇది బయటపడకపోవచ్చు. అందుకే డాక్టరుగారు బెరా పరీక్ష రాస్తారు. బిడ్డ నిద్రపోతుండగా నుదుటిపైన, చెవుల వెనుక తీగలు అంటించి, చెవిలో టిక్ టిక్ శబ్దం వినిపిస్తారు. సెకనులో 100వ వంతు లోపే నరాల స్పందన యంత్రంలో అలలుగా కనబడుతుంది. సూది లేదు, నొప్పి లేదు.

"తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డాడుగా సిస్టర్, పరీక్ష ఎందుకు?" అని అమ్మమ్మలు అడుగుతారు. ఉలిక్కిపడినంత మాత్రాన మాటలు స్పష్టంగా వినబడుతున్నట్లు కాదమ్మా.

బిడ్డను లైటు కింద పెట్టాలంటే ఆలస్యం చేయకండి. పసరు మందులు దానికి బదులు కావు. కామెర్లు తగ్గినా, రాసిన పరీక్ష మానకండి. లోపం 3 నెలల్లోగా తెలిసి, 6 నెలల్లోగా చికిత్స మొదలైతే బిడ్డ మాటలు నేర్చుకునే అవకాశం ఎక్కువ.